పుండు మానిందని ఎవరు చెప్పారు?



జీర్ణాశయంలో పుండు ఉన్నట్లు ఎండోస్కోపీలో కనబడుతుంది. వైద్యుడు ఆమ్లాన్ని తగ్గించే మందు వ్రాస్తాడు. పది రోజులలో మంట పోతుంది, ఆకలి పుడుతుంది, రోగి ముఖం తేటపడుతుంది. ఆరు వారాల తరువాత ‘పుండు మానిపోయిందండీ’ అని రోగి చెబుతాడు, ‘మంచిది’ అని వైద్యుడు అంటాడు. విషయం అక్కడితో ముగిసిపోతుంది. ఆ పుండును రెండవసారి ఎవరూ చూడలేదు. మొదటిసారి చూసినపుడు దాని అంచునుండి ముక్క తీసి పరీక్షకు పంపనూ లేదు. అయినా అది మానిపోయిందని ఇద్దరూ నిశ్చయించుకున్నారు.

ఈ పద్ధతి తప్పని, దీనివలన నయం కాదగిన మనుషులు చనిపోతున్నారని చెప్పడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నా తోటి వైద్యులకు రుచించని మాటలు ఇందులో కొన్ని ఉంటాయి. ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. అప్పుడు వారు నన్ను ఆక్షేపించినా నాకు బాధ ఉండదు.

అది 1987వ సంవత్సరం. ఒక చిన్న పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. యాభై రెండేళ్ళ తాపీమేస్త్రి ఒకాయన వచ్చాడు. మూడు నెలలుగా అన్నం తిన్న కొద్దిసేపటికే పొట్ట పైభాగంలో నొప్పి. రోజూ ఒక కట్ట బీడీలు కాల్చేవాడు. మా ఆసుపత్రిలో ఎండోస్కోపీ లేదు. బేరియం త్రాగించి ఎక్స్‌రే తీయిస్తే జీర్ణాశయపు చిన్న వంపు మీద పుండు పడిన గుంట స్పష్టంగా కనబడింది. రానిటిడిన్ మన మందుల దుకాణాలలోకి వచ్చి అప్పటికి కొద్ది ఏళ్ళే. ఆ మాత్రలు వ్రాసి, బీడీలు మానమని, రెండు నెలల తరువాత కనబడమని చెప్పాను. రెండు నెలలకు నవ్వుతూ వచ్చాడు. నొప్పి లేదు, మళ్ళీ పరంజా ఎక్కుతున్నానన్నాడు. పెరటి చెట్టు మామిడికాయలు నాలుగు నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆనాడు నేను చేయవలసిన పని ఒకటుంది. బోధనాసుపత్రికి వెళ్ళి గొట్టం పరీక్ష చేయించుకుని, ముక్క తీయించుకుని రమ్మని చీటీ వ్రాయవలసింది. బస్సు చార్జీలు, రెండు మూడు రోజుల కూలి, అక్కడి వరుసలు తలచుకొని వ్రాయలేదు. అది అతనిమీద నాకున్న దయ అనుకున్నాను.

ఎనిమిది నెలల తరువాత అతని భార్య రిక్షాలో కూర్చోబెట్టుకుని తీసుకువచ్చింది. ఉదయం తిన్న మెతుకులు సాయంత్రం వాంతిలో పడుతున్నాయి. మనిషి సగమయ్యాడు. ఎడమ కాలరెముక పైన చెయ్యి పెడితే గట్టి గడ్డ తగిలింది. ఆ చోట ఆ గడ్డ ఉంటే కడుపులోని క్యాన్సర్ శోషరస గ్రంథులదాకా పాకిందని అనుమానించాలని వైద్య విద్యార్థికి కూడా తెలుసు. అతడు మరి నాలుగు నెలలు బ్రతికాడు.

నేను ఇచ్చిన మందు పనిచేసింది. అది పనిచేసినందువల్లనే నేను మోసపోయాను.

ఇది ఎలా జరుగుతుందో మీరు గ్రహించాలి. జీర్ణాశయపు గోడలో క్యాన్సర్ పుట్టిన చోట పైపొర బలహీనపడుతుంది. దానిమీద ఆమ్లం పడి పుండు ఏర్పడుతుంది. మామూలు పుండైనా, క్యాన్సర్ పుండైనా నొప్పి, మంట కలిగించడంలో ఆమ్లం పాత్ర ఒక్కటే. ఆమ్లాన్ని అణచివేసే మందు ఇస్తే క్యాన్సర్ పుండు అడుగున కూడా కొత్త కణజాలం పెరుగుతుంది, గుంట పూడుతుంది, పైన పొర కప్పుకుంటుంది. క్యాన్సర్ మాత్రం ఆ పొరలోనే, దాని క్రిందనే ఉంటుంది. కొంతకాలానికి మళ్ళీ పుండు పడుతుంది, మందు వాడితే మళ్ళీ పూడుతుంది. 1960లు, 70ల కాలంలోనే జపాను వైద్యులు ఒకే రోగి జీర్ణాశయాన్ని మరల మరల చూసి, ఛాయాచిత్రాలు తీసి, తొలిదశ క్యాన్సర్ పుండ్లు ఇలా మానుతూ తిరగబెడుతూ ఉంటాయని వర్ణించారు. కాబట్టి నొప్పి తగ్గడం పుండు స్వభావానికి సాక్ష్యం కాజాలదు. అర్ధశతాబ్దం క్రిందటనే తెలిసిన ఈ విషయం మన మందుల చీటీలలోకి ఇంకా రాలేదు.

ఇప్పుడు మందులు రానిటిడిన్ కన్న ఎంతో శక్తిమంతమైనవి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ వంటివి ఆమ్లాన్ని దాదాపు ఆపివేస్తాయి. అవి మంచి మందులే. నేను కూడా వేల చీటీలలో వ్రాశాను. కాని మన రాష్ట్రాలలో వాటిని ‘గ్యాస్ బిళ్ళ’ అని పిలవడం మొదలయ్యాక వాటికి వైద్యుడితో పని లేకుండా పోయింది. జ్వరానికి వ్రాసినా, పంటినొప్పికి వ్రాసినా చీటీలో మొదటి మందు అదే. పరగడుపున ఆ క్యాప్సూల్ మింగడం కాఫీ త్రాగడం లాంటి దినచర్య అయిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. ‘పదేళ్ళ నుండి వాడుతున్నానండీ, మానితే మంట’ అంటారు. పదేళ్ళుగా ఆ మంట ఎందుకు వస్తున్నదో ఒక్కరోజైనా లోపల చూసుకున్నారా అంటే లేదు.

అసలు ఈ ‘గ్యాస్’ అనే మాట మన ఆరోగ్యానికి చేసిన అపకారం ఇంత అని చెప్పలేను. గుండెపోటు వచ్చినా గ్యాసే, పిత్తాశయంలో రాళ్ళున్నా గ్యాసే, జీర్ణాశయంలో క్యాన్సర్ ఉన్నా గ్యాసే. సోడా త్రాగి ఒక త్రేన్పు రాగానే రోగం పోయిందని తృప్తి. గ్యాస్ అనేది రోగం పేరు కాదు. మీ వైద్యుడు ఆ మాట అంటే, ‘ఏ అవయవంలో, ఏమి జబ్బు’ అని వినయంగా అడగండి. అడగడం మీ హక్కు.

మీ దగ్గర ఎండోస్కోపీ నివేదిక ఉంటే ఇప్పుడే బయటకు తీయండి. అందులో పుండు అని ఉంటే అది ఎక్కడ ఉన్నదో చూడండి. చిన్నప్రేవుల మొదటి భాగాన్ని ఆంత్రమూలం అంటారు. నివేదికలో డియోడినం అనో, డి1 అనో ఉంటుంది. అక్కడి పుండ్లు దాదాపు ఎన్నడూ క్యాన్సర్ కావు. వాటిని మందులతో నయం చేసి, కారణాన్ని తొలగిస్తే సాధారణంగా సరిపోతుంది. ఆంట్రం, బాడీ, ఫండస్, ఇన్సిసూరా, లెస్సర్ కర్వేచర్ అని వ్రాసి ఉంటే అది జీర్ణాశయపు పుండు. దాని సంగతి వేరు. జీర్ణాశయపు పుండ్లలో అధికభాగం క్యాన్సర్ కావన్న మాట నిజమే. కాని నూటికి కొన్ని క్యాన్సర్లు ఉంటాయి. ఏవి అవునో, ఏవి కావో కంటితో చూసి చెప్పగలనని అనుకునే వైద్యుడికి నేను నా జీర్ణాశయాన్ని అప్పగించను. అంచులు నునుపుగా ఉంటే మంచిదని, ఎగుడుదిగుడుగా ఉంటే చెడ్డదని మాకు నేర్పారు. ఆ గుర్తులు అనుమానాన్ని పెంచడానికి ఉపయోగపడతాయి. అనుమానాన్ని పోగొట్టడానికి చాలవు.

అందుచేత ముక్క తీయాలి. ఎండోస్కోపీ గొట్టం గుండా పోయే చిమటా తీసే ముక్క నువ్వుగింజంత ఉంటుంది. రూపాయి బిళ్ళంత పుండునుండి ఒక్క నువ్వుగింజను తీసి, అందులో క్యాన్సర్ లేదు కాబట్టి పుండంతటిలోనూ లేదనడం ఎలాంటిదో మీరే ఆలోచించండి. 1982లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఒక్క ముక్క తీసినపుడు జీర్ణాశయపు క్యాన్సర్లలో సుమారు 70 శాతం మాత్రమే బయటపడ్డాయి. నాలుగు ముక్కలు తీస్తే 95 శాతం, ఏడు తీస్తే 98 శాతం బయటపడ్డాయి. పుండు అడుగున చచ్చిన కణజాలం, చీము పేరుకుని ఉంటాయి. అక్కడి ముక్కలో తరచు ఏమీ కనబడదు. కనుక అంచు చుట్టూ నాలుగు దిక్కులా తీసి, అడుగునుండి కూడా తీయాలి. ఆరు నుండి ఎనిమిది ముక్కలు తీయడానికి పట్టే అదనపు సమయం కొద్ది నిమిషాలు. నివేదికలో ‘బయాప్సీ తీయబడింది’ అని మాత్రమే ఉంటే ఎన్ని తీశారో అడగండి.

ఇక బయాప్సీ నివేదిక వచ్చింది. ‘దీర్ఘకాలిక తాపం. క్యాన్సర్ కణములు లేవు’ అని ఉంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. పీల్చుకోవలసినదే, కాని సగమే. కణజాల పరీక్ష చేసిన వైద్యుడు చెప్పినది తనకు పంపిన నువ్వుగింజలలో క్యాన్సర్ లేదని మాత్రమే. పుండు సంగతి ఆయన చెప్పలేదు, చెప్పలేడు. ఒక రకం జీర్ణాశయపు క్యాన్సర్ గోడ లోతులలో వ్యాపించి పైపొరను దాదాపు మామూలుగానే వదిలివేస్తుంది. జీర్ణాశయం తోలుసంచిలా బిగుసుకుంటుంది, గాలి ఊదినా విచ్చుకోదు, ముక్కలలో మాత్రం ఏమీ ఉండదు. అటువంటప్పుడు అదే చోట మరింత లోతుగా తీయాలి, స్కాన్ తీయాలి. కనుక ముక్కలలో ఏమీ లేకపోయినా 8 నుండి 12 వారాలు మందు వాడిన తరువాత ఎండోస్కోపీ మళ్ళీ చేయాలి. పుండు పూర్తిగా మానిందని కంటితో చూడాలి. మానని పుండునుండి మళ్ళీ ముక్కలు తీయాలి. మానిన మచ్చ అనుమానాస్పదంగా ఉంటే దానినుండి కూడా తీయాలి. మన దగ్గర లోపిస్తున్నది ముఖ్యంగా ఈ రెండవ చూపే.

జీర్ణాశయం, అన్నవాహికల క్యాన్సర్లు ఎన్ని ఎండోస్కోపీ చేసినా కంట పడకుండా పోతున్నాయో అనేక అధ్యయనాలను కలిపి లెక్కవేసిన విశ్లేషణ ఒకటి 2014లో వచ్చింది. క్యాన్సర్ అని తేలినవారిలో సుమారు 11 శాతం మందికి అంతకు ముందు మూడేళ్ళలోపు ఎండోస్కోపీ జరిగింది, అప్పుడు క్యాన్సర్ అని గుర్తించలేదు. అనుభవజ్ఞులు, మంచి పరికరాలు ఉన్న దేశాల లెక్కలు కూడా ఇందులో ఉన్నాయి. ఒక ఉదయం వరుసగా ముప్పైమందికి గొట్టం వేసి, ఒక్కొక్కరిని మూడు నిమిషాలలో ముగించే చోట పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. పని ఒత్తిడి నాకు తెలియనిది కాదు. అయినా నురుగును కడిగి, గాలితో మడతలు విప్పి, నిదానంగా చూస్తేనే చిన్న మచ్చలు కనబడతాయి. హడావిడిగా చూసి ‘స్వల్ప తాపం’ అని వ్రాసి ఇవ్వడం కన్న చూడలేదని వ్రాయడం నిజాయతీ.

పుండునుండి ముక్క తీయకపోవడానికి చెప్పే సాకులలో రెండింటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది మోకాళ్ళనొప్పుల మాత్రలు. అరవై దాటిన అమ్మగారు ఏడాదిగా నొప్పి మాత్రలు మింగుతున్నది, కడుపులో పుండు కనబడింది. ‘కారణం తెలిసింది కదా, మాత్రలు మానితే చాలు’ అంటారు. నొప్పి మాత్రలు పుండ్లు పుట్టిస్తాయన్నది వాస్తవం. నొప్పి మాత్రలు మింగేవారికి క్యాన్సర్ రాదని మాత్రం ఎవరూ నిరూపించలేదు. రెండవది రక్తస్రావం. రక్తం కక్కుకుని అర్ధరాత్రి వచ్చిన రోగికి ఎండోస్కోపీ చేసి, రక్తస్రావాన్ని ఆపి, ప్రాణం నిలబెడతారు. ఆ సమయంలో ముక్క తీయడం క్షేమం కాదని వాయిదా వేస్తారు. అది సరైన నిర్ణయమే కావచ్చు. అయిదవ రోజున డిశ్చార్జి కాగితం చేతికి వస్తుంది. వాయిదా వేసిన పని ఆ కాగితంలో ఉండదు. రోగికి చెప్పేవారు ఉండరు. నా ఉద్యోగకాలంలో ఈ విధంగా చేజారిపోయిన కేసులను ఒకటి కన్న ఎక్కువే చూశాను. రక్తస్రావమై ఆసుపత్రిలో ఉండి వచ్చిన వారు మీ ఇంట్లో ఉంటే, ‘బయాప్సీ తీశారా, తీయకపోతే ఎప్పుడు తీస్తారు’ అన్న ప్రశ్న నేడే అడగండి.

‘ఈ ముసలాయన త్రేన్పు వచ్చిన ప్రతివాడినీ గొట్టం మింగమంటున్నాడు, కార్పొరేట్ ఆసుపత్రులకు వ్యాపారం పెంచుతున్నాడు’ అని అనేవారు ఉన్నారు. వారి మాటలో కొంత న్యాయం ఉంది. అజీర్తితో బాధపడేవారిలో చాలామందికి ఎండోస్కోపీలో ఏమీ కనబడదు. పాతికేళ్ళ యువకుడికి రాత్రి బిర్యానీ తిన్న తరువాత మంట వస్తే ముందు కొద్ది వారాలు మందు ఇచ్చి చూడవచ్చు. కాని కొన్ని సందర్భాలలో మందు ముందు, పరీక్ష తరువాత అనడం నేరంతో సమానం. కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేవారు. మింగుడు పడనివారు. ఆగని వాంతులు ఉన్నవారు. తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో విరేచనం అయ్యేవారు. ఇనుము మాత్రలు వేసుకునేవారికి కూడా విరేచనం నల్లబడుతుంది, కాని తారులా జిగటగా ఉండదు. తల్లిదండ్రులలో, తోబుట్టువులలో జీర్ణాశయపు క్యాన్సర్ ఉన్నవారు. వీరికి మందు చీటీ కన్న ముందు ఎండోస్కోపీ జరగాలి.

రక్తహీనత గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. నలభై దాటిన మగవాడికి గాని, ముట్లుడిగిన స్త్రీకి గాని ఇనుము లోపంతో రక్తం తక్కువైతే ఆ రక్తం ఎక్కడికో పోతున్నదని అర్థం. మనవాళ్ళు రక్తం పట్టడానికి టానిక్కు వ్రాస్తారు, దానిమ్మపండ్లు తినమంటారు, ఇంకా నీరసమంటే సెలైన్ ఎక్కిస్తారు. కారే కుండలో నీళ్ళు పోస్తున్నారు. జీర్ణాశయంలోనో పెద్దప్రేవులలోనో కుండ ఎక్కడ కారుతున్నదో చూసేవారు తక్కువ.

వయస్సు విషయంలో పాశ్చాత్య మార్గదర్శకాలు 55 అని, 60 అని గీతలు గీశాయి. కొత్తగా అజీర్తి మొదలైనవారు ఆ గీత దాటితే ఎండోస్కోపీ చేయమంటాయి. ఆ గీతను తెచ్చి మన మీద పెట్టడం నాకు సమ్మతం కాదు. నలభైలలోనే ఈ క్యాన్సర్ వచ్చినవారిని నేను చూశాను. ఇతర లక్షణాలేమీ లేకపోయినా, నలభై దాటాక కొత్తగా పుట్టిన అజీర్తి నెలరోజుల మందుతో పోకపోయినా, మందు మానగానే తిరగబెట్టినా లోపల చూడాలన్నది నా అభిప్రాయం. ఖర్చు అంటారా, ఏళ్ళ తరబడి మింగిన క్యాప్సూళ్ళ ఖర్చును ఒకసారి కాగితం మీద కూడి చూసుకోండి.

ఈ క్యాన్సర్‌కు అతి ముఖ్యమైన కారణం మనకు తెలిసి నలభై ఏళ్ళయింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు జీర్ణాశయపు పొరలో నివసించే హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని 1982లో పెంచి చూపారు. ఆమ్లంలో సూక్ష్మజీవి ఎలా బ్రతుకుతుందని పెద్దలు నవ్వితే, మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే త్రాగి జీర్ణాశయ తాపం తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ఈ సూక్ష్మజీవిని నిశ్చితమైన క్యాన్సర్ కారకాల వర్గంలో చేర్చింది. అది ఏళ్ళ తరబడి ఉన్నవారిలో కొందరికి జీర్ణాశయపు పొర పలచబడుతుంది, ఆ పొర ప్రేవుల పొరలా మారుతుంది, తరువాత కణాల రూపు చెడుతుంది, చివరకు క్యాన్సర్ అవుతుంది. ఈ మెట్లన్నీ దిగడానికి తరచు దశాబ్దాలు పడుతుంది. అంటే ఆపడానికి మనకు దశాబ్దాల వ్యవధి ఉన్నదన్నమాట. మన దేశంలో పెద్దవారిలో సగానికి పైగా ఈ సూక్ష్మజీవి ఉంది. అందరికీ క్యాన్సర్ రాదు కాబట్టి భయపడనక్కరలేదు. కాని పుండు పడినవారికి, పొర పలచబడినవారికి, కుటుంబంలో ఈ క్యాన్సర్ ఉన్నవారికి పరీక్ష చేసి, ఉంటే నిర్మూలించాలి. ఇక్కడ కూడా గ్యాస్ బిళ్ళ అడ్డుపడుతుంది. రెండు వారాలముందు దానిని ఆపకపోతే, శ్వాస పరీక్షలోను, మల పరీక్షలోను, ఎండోస్కోపీలో తీసిన ముక్కలోను సూక్ష్మజీవి ఉండి కూడా లేనట్లు రావచ్చు. చికిత్స ముగిసిన నాలుగు వారాల తరువాత అది పోయిందో లేదో మళ్ళీ పరీక్షించాలి. అలా పరీక్షించినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఒక రకం లింఫోమా కూడా జీర్ణాశయంలో పుండులా కనబడుతుంది. తొలిదశలో ఉన్నపుడు ఈ సూక్ష్మజీవిని నిర్మూలిస్తే చాలామందిలో ఆ లింఫోమాయే కరిగిపోతుంది. కోత లేదు, కీమోథెరపీ లేదు. అయితే ముక్క తీస్తే గాని అది లింఫోమా అని తెలియదు.

‘ఎలాగూ చచ్చే రోగమే, తెలుసుకుని ఏం లాభం’ అనేవారికి జపాను దేశాన్ని చూపిస్తాను. అక్కడ జీర్ణాశయపు క్యాన్సర్ మనకన్న ఎన్నో రెట్లు ఎక్కువ. వారు 1960లనుండే బేరియం ఎక్స్‌రేలతో లక్షలమందిని పరీక్షించారు, తరువాత ఎండోస్కోపీకి మారారు. దక్షిణ కొరియాలో 40 దాటినవారికి రెండేళ్ళకొకసారి ఈ పరీక్ష ఉంది. పైరెండు పొరలు దాటకముందే పట్టుకున్న క్యాన్సర్ రోగులలో నూటికి తొంభైమందికి పైగా ఐదేళ్ళు దాటి బ్రతుకుతున్నారు. తగిన కేసులలో కడుపు కోయకుండా ఎండోస్కోపీ ద్వారానే ఆ పొరను ఒలిచివేస్తున్నారు. ఈ చికిత్స ఇప్పుడు హైదరాబాదులో కూడా ఉంది. అదే కాలేయానికో, ఉదరకుహరానికో పాకిన తరువాత ఐదేళ్ళు బ్రతికేవారు నూటికి పదిమంది కూడా ఉండరు. మన దగ్గర రోగులు ఎక్కువగా ఈ రెండవ దశలోనే వస్తారు. జపానులా అందరికీ పరీక్షలు పెట్టాలని నేను కోరడం లేదు. మన దేశంలో ఈ రోగం అంత విస్తారంగా లేదు. మిజోరంలో మాత్రం ఎక్కువ. లక్షణాలతో తమంత తామే వైద్యుని గది దాకా వచ్చినవారినైనా సరిగా చూడాలని కోరుతున్నాను.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం చదువుకున్నవారిలో కూడా ఉంది. ‘కదిపితే రేగుతుంది’ అని అమ్మమ్మలు చెప్పిన మాట. జీర్ణాశయపు పొరనుండి నువ్వుగింజంత ముక్క తీయడం వలన క్యాన్సర్ పాకదు. ముక్క తీసిన నాటికే ముదిరిపోయిన రోగి తరువాత కొద్ది నెలలలో చనిపోతే, ఊరివారు ఆ నెపాన్ని ముక్క మీద వేస్తారు. ఇంకొక పద్ధతి నన్ను మరీ బాధిస్తుంది. నివేదికను కొడుకులు తీసుకుంటారు, చదువుతారు, ‘నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు’ అని బీరువాలో పెడతారు. తట్టుకోలేనిది తరచు ఆయన కాదు, వారే. అసలు నివేదిక తెచ్చుకోనివారు ఇంకా ఎందరో. నొప్పి తగ్గింది గదా అని ఊరికి వెళ్ళిపోతారు. ఆ కాగితం ప్రయోగశాల అరలో నెలల తరబడి పడి ఉంటుంది. ఫోన్లు ప్రతి జేబులో ఉన్న ఈ రోజులలో క్యాన్సర్ అని వ్రాసిన నివేదిక తీసుకుపోనివారికి ఆసుపత్రి ఒక్క ఫోను చేయదా అని అడుగుతున్నాను.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. క్యాన్సర్ శస్త్రచికిత్సకు, కీమోథెరపీకి ఆరోగ్యశ్రీ వంటి పథకాలు సాయం చేస్తున్నాయి. 2007లో ఆ పథకం మొదలైనపుడు సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. కాని కడుపునొప్పితో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన మనిషిని ఎండోస్కోపీ బల్ల దాకా చేర్చే దారి ఇప్పటికీ గతుకులమయం. రోగం ముదిరాక లక్షలు ఖర్చుపెట్టడానికి సిద్ధపడే ఖజానా, ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలో ఒక ఎండోస్కోపు, దానిని వాడగల ఒక వైద్యుడు, ముక్కను చదివే ఒక కణజాల నిపుణుడు ఉండేలా ముందుగా ఎందుకు ఖర్చుపెట్టదు?

ఆ మేస్త్రి కొడుకు కొన్నేళ్ళ క్రితం నన్ను వెదుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. అతడికి అప్పుడు నలభై ఆరు. తండ్రి చనిపోయిననాటికి చిన్న పిల్లవాడు. కడుపులో ఉబ్బరంగా ఉంటోందని, మందుల కొట్టువాడిచ్చిన గ్యాస్ బిళ్ళలు ఆరు నెలలుగా వాడుతున్నానని చెప్పాడు. మాత్రలు రెండు వారాలు ఆపించి, నా పరిచయస్థుడైన వైద్యునివద్దకు తీసుకువెళ్ళి దగ్గరుండి ఎండోస్కోపీ చేయించాను. పుండు లేదు. తీసిన ముక్కలలో హెలికోబాక్టర్ ఉంది, అక్కడక్కడ పొర ప్రేవుల పొరలా మారడం మొదలయింది. పధ్నాలుగు రోజుల చికిత్స ఇచ్చాము, పోయిందని పరీక్షతో నిర్ధారించుకున్నాము. కుటుంబ చరిత్ర ఉన్నది గనుక రెండేళ్ళకొకసారి చూపించుకుంటున్నాడు. క్రిందటిసారి వచ్చినపుడు తన చెల్లెలిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు.